వాటా

ఏలూరు వన్ టౌన్ సందుల్లో గుమ్మం పక్కన వేలాడే అట్టముక్క మీద ‘ఇల్లు అద్దెకు’ అని కాక ‘వాటా అద్దెకు ఇవ్వబడును’ అని రాసి ఉండటం పాత అలవాటు. అద్దెను తెలంగాణలో కిరాయి అంటారు, సీమలో బాడుగ అంటారు. ఈ మూడు మాటల్లోనూ డబ్బు చప్పుడే తప్ప ఇంకేమీ వినిపించదు. వాటా అలా కాదు. అన్నదమ్ములు పంచుకునేది వాటా. రైసు మిల్లులో, చేపల చెరువులో డబ్బు పెట్టినవాడికి దక్కేది వాటా. నెలకింత అని ఇచ్చి రెండు గదులూ ఓ వంటిల్లూ, నూతి దగ్గర నాలుగు బిందెల నీళ్ళు తోడుకునే హక్కూ తీసుకున్నవాడికి కూడా తెలుగు అదే మాట ఇచ్చింది. దస్తావేజుల్లో అతనికి అంగుళం నేల లేదు, అయినా మాట మాత్రం హక్కుదారుడి మాట. ఇది పొరపాటున వచ్చిన మాట కాదని నా వాదం. కాలవ ఒడ్డు పాతపేటలు ఇన్నాళ్ళు నిలబడ్డాయంటే, అద్దెకున్నవాళ్ళకు ఆ చోటు బాగోగుల్లో నిజంగానే ఎంతో కొంత వాటా ఉండబట్టే. ఆ వాటాను పదకొండు నెలల కాయితంగా కుదించుకున్నాక గోడను పట్టించుకునే మనిషి లేకుండా పోయాడు. పాత ఇల్లు పాడైపోతే అద్దెకున్నవాళ్ళు పాడుచేశారంటారు, లేదా కాలవ చెమ్మ తినేసిందంటారు. నేను గడువును తప్పుపడతాను.

అసలు ఏలూరుకు అద్దె ఇళ్ళ అలవాటు నీళ్ళతో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. గోదావరి నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఒక కాలవ, కృష్ణ నుంచి ఇంకో కాలవ వచ్చి ఏలూరు దగ్గర కలుసుకున్నాయి. ఎగువన మెట్ట, దిగువన పల్లం, ఆ పల్లానికి అడుగున కొల్లేరు సరస్సు. ఈ కాలవలు పొలాల కోసమే కాదు, పడవల కోసం కూడా. కాకినాడలో ఎక్కించిన సరుకు ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ళ మీదే పోయేది. 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గమని పేరు పెట్టింది ఈ దారినీ కలుపుకునే. పడవ ఆగిన చోట కొట్టు వెలుస్తుంది, కొట్టు వెనక గిడ్డంగి, గిడ్డంగికో గుమాస్తా, ఆ గుమాస్తా కుటుంబానికో వాటా. 1866లోనే ఊరికి మునిసిపాలిటీ వచ్చింది, 1890లలో రైలొచ్చింది. 1925లో కృష్ణా జిల్లాను చీల్చి పశ్చిమ గోదావరి జిల్లా చేసి ఏలూరును ముఖ్యపట్టణం చేశారు. 1945లో సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ పెట్టారు. జిల్లా ముఖ్యపట్టణమంటే బదిలీల ఊరు: ప్లీడరు దగ్గర జూనియర్లు, కలెక్టరాఫీసు గుమాస్తాలు, మేష్టర్లు, కాలేజీ పిల్లలు. వీళ్ళలో ఏ ఒక్కరూ ఇల్లు కట్టుకుందామని ఈ ఊరు రాలేదు. ఇంకోవైపు మండువా లోగిళ్ళు కట్టుకున్న కుటుంబాలు పంపకాల్లో చీలి, ఒక్కో ఇంటికి మూడు వంటిళ్ళు లేచి, ఒక భాగం ఖాళీపడి ఉండేది. వచ్చినవాడి అవసరం, ఉన్నవాడి ఖాళీ కలిసిన చోట వాటా పుట్టింది. అన్నదమ్ముల వాటాయే అద్దెవాటా అయింది గనక మాట కూడా మారకుండా అలాగే ఉండిపోయింది.

ఇలా అద్దె ఇచ్చి పుచ్చుకునేది గోడల్ని మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. కాలవగట్టు పేటలో అద్దెకు దిగినవాడు కొనుక్కునేది దగ్గరితనం. మెయిన్ బజారు దగ్గర, రైలు దగ్గర, బడి దగ్గర, కూరల మార్కెట్టు దగ్గర. అన్నిటికంటే ముందు నీళ్ళు దగ్గర. కాలవ పారినన్నాళ్ళూ గట్టు పక్క నూతులు పైకి ఊరుతాయి. దాళ్వా పంట అయిపోయి, వేసవిలో ‘కాలవలు కట్టేశారు’ అన్న మాట వినపడ్డాక నూతిలో తాడు పొడవు పెంచుకోవాలి. ఊరి కుళాయిలకు అప్పుడు పంపుల చెరువులో నిలవబెట్టిన నీళ్ళే దిక్కు. పొలాల లెక్క ప్రకారం సార్వా, దాళ్వా అని రెండు రుతువులున్న ఊళ్ళో, ఇళ్ళకూ ఆ లెక్కే నడుస్తుంది. ఈ సంగతులన్నీ కొత్తగా దిగినవాడికి ఒక్క ఏడాదిలో తెలియవు. ఏ నెలలో ఏ నుయ్యి ఉప్పదేలుతుందో, ఏ మూలన వాన నిలుస్తుందో, ఏ సందులో మురుగు ఎటు వాలుగా పోతుందో రెండు మూడు వేసవులు చూసినవాడికే తెలుస్తుంది. పేట గురించిన ఈ తెలివిడి అంతా యజమానుల దగ్గరే ఉంటుందనుకోవడం భ్రమ. పాత ఇళ్ళ యజమానుల్లో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. నూతిని రోజూ చూసేవాడు అద్దెకున్నవాడే.

మన ఆచారం కూడా ఈ మాటే చెబుతుంది. తెలుగువాళ్ళు అద్దె ఇంట్లో దిగేటప్పుడూ పాలు పొంగిస్తారు. సొంత ఇంటికి చేసినంత ఆర్భాటం ఉండదు, వ్రతం ఉండదు, బంధువుల్ని పిలవరు. మంచిరోజు చూసుకుని, ఆషాఢమూ పుష్యమూ తప్పించి, పొయ్యి వెలిగించి గిన్నెలో పాలు పొంగేదాకా నిలబడతారు. సత్రంలో దిగినప్పుడు, లాడ్జిలో దిగినప్పుడు ఎవరూ ఈ పని చెయ్యరు. అంటే బసకూ కాపురానికీ తేడా మనకి తెలుసు, అద్దె ఇల్లు కాపురం వైపు చేరిందనీ తెలుసు. ఇంత తెలిసిన జనం, పాలు పొంగించిన ఇంటికి రాసుకునే కాయితం మాత్రం పదకొండు నెలలకే రాసుకుంటారు. ఎందుకో అడిగితే ‘అలాగే రాస్తారండి’ అంటాడు స్టాంపు కాయితాలమ్మేవాడు. కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలని ఆ చట్టం చెబుతుంది. రిజిస్టరు చేయిస్తే ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరుగుడు, లెక్కల్లోకి ఎక్కిన అద్దె. అదంతా తప్పించుకోవడానికి పన్నెండో నెలను కత్తిరించేశాం. దేశమంతటా ఇదే తంతు. అసలు కాయితమే లేకుండా నెలనెలా అద్దె ఇచ్చేవాడి స్థితి ఇంకా పల్చన. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల నోటీసు చాలు. పిల్లవాడి పరీక్షల టైంటేబులు అంతకంటే ముందే వస్తుంది.

పదకొండు నెలలు ఒక ఇంటిని ఏం చేస్తాయో చూడాలంటే గోడ దగ్గరికి వెళ్ళాలి. కాలవగట్టు పాత ఇళ్ళ గోడలు ఇటుకా, గానుగ సున్నమూను. నేలలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, అది గోడలోకి ఎక్కుతుంది. సున్నపు గోడ ఆ చెమ్మను ఎండ పూట బయటికి వదిలేస్తుంది. అలా వదలాలంటే ఏటా సంక్రాంతి ముందు వెల్ల వెయ్యాలి, ఊడిన పెచ్చుల్ని మళ్ళీ సున్నంతోనే పూడ్చాలి, పెంకుల్లో పగిలినవాటిని తొలకరికి ముందే మార్చాలి. పెద్ద ఖర్చులు కావివి, కానీ వరుస తప్పకూడని పనులు. వరుస తప్పితే ఏమవుతుందో తెలిసిందే. గోడ పెచ్చులూడుతుంది, యజమాని విసుక్కుని సిమెంటు పూత పూయిస్తాడు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, అది లోపల ఇంకా పైకి పాకి, నాలుగేళ్ళలో దూలం దాకా వెళ్తుంది. దూలానికి చెద పడుతుంది. దిగువన నల్లమన్ను ఉన్నచోట ఇంకో తంటా: తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది, పునాది కదిలి గోడ బీటలు వారుతుంది. ఆ బీటను మొదటి ఏడాదే చూసి పూడిస్తే కొద్దిపాటి పని. మూడో ఏడాది చూస్తే మేస్త్రీని పిలవాలి, పదో ఏడాది చూస్తే ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతామని బిల్డరు వస్తాడు. ఈ పనులు చెయ్యడానికి డబ్బుకంటే ముందు కావలసింది ‘వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటాను’ అన్న నమ్మకం. అది లేనివాడు గోడకు మేకు కొట్టడానికి కూడా వెనకాడతాడు, ఒకవేళ కొడితే ఆ మేకు చుట్టూ ఊడిన సున్నాన్ని చూడనట్టు ఉండిపోతాడు.

ఈ సంగతి డెల్టాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గోదావరి జిల్లాల వరిపొలాల్లో దున్నేవాళ్ళలో కౌలుదారులు ఎంతమందో ఇక్కడివాళ్ళకి తెలుసు. వచ్చే ఏడు ఈ చేను నాకుంటుందో లేదో అనుకున్న కౌలుదారు చేలో పెంట తోలడు, గట్టు వెయ్యడు, బోదె పూడిక తియ్యడు. ఎరువు చల్లి, పండినంత పండించుకుని పోతాడు. అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే పెంట తోలిన ఫలితం మూడేళ్ళకు గాని రాదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి కౌలుదారులకు కార్డులిస్తామన్నారు. ఆ కార్డు గడువెంతో చూడండి: పదకొండు నెలలు. పొలానికీ ఇంటికీ ఒకే అంకె. రెండు చోట్లా వెనక ఉన్నది ఒకే భయం, ఉన్నవాడు ఉండిపోతాడేమోనని. రెండు చోట్లా పర్యవసానం కూడా ఒకటే. మన్ను సారం పోతే పదేళ్ళకు కనపడుతుంది, గోడ సారం పోతే ఇంకాస్త ముందే కనపడుతుంది. ఒకప్పటి లోగిలిలో కౌలూ అద్దే ఒకే అరుగు మీద తేలేవి. భూస్వామి కౌలుదారుకు ఇచ్చినన్ని ఏళ్ళ మాటే మేడవాటాలో ఉన్న మేష్టారికీ ఇచ్చేవాడు, ఎక్కువగా నోటిమాటగానే. ఆ నోటిమాట ధర్మమని నేననను. దాని వెనక పెత్తనం ఉంది. అయినా అందులో ఏళ్ళు ఉండేవి.

ఇక్కడ ఇంటిగలాయన తరఫు మాట వినాలి, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. ఆయన భయానికి చరిత్ర ఉంది. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె తేల్చడానికి చూడమన్న ఆధారం 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దె. యుద్ధకాలపు ధరలకు ముడిపెట్టిన అద్దెతో 1970లలో ఎవరు దూలం మారుస్తారు? 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్ళకు ఇచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎప్పటికీ ముగియని మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని. ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గర వ్యాజ్యం వేసి ఏళ్ళు తిరగాలి. అద్దె పెరగదు, మనిషి కదలడు, ఇల్లు మాత్రం కదిలిపోతుంది. చివరికి చాలామంది తాళం వేసుకోవడమే మేలనుకున్నారు. ఇది నా వాదాన్ని దెబ్బతీస్తుందని ఎవరైనా అనొచ్చు: గడువు లేని అద్దె కూడా ఇళ్ళను చంపింది కదా, మరి గడువునెందుకు తిడతావు? జాగ్రత్తగా చూస్తే ఆ చట్టంలో ఇళ్ళను చంపినది అద్దెదారు ఎక్కువకాలం ఉండటం కాదు, అద్దె గడ్డకట్టడం. రెండింటినీ ఒకే మూట కట్టాం. ఒకటి విప్పబోయి రెండోదాన్ని కూడా పారేశాం. 2005 సవరణతో కార్పొరేషన్లలో మూడున్నర వేలు, మిగతాచోట్ల రెండువేలు దాటిన నెల అద్దెలకు పాత చట్టం వర్తించకుండా పోయింది. 2017లో రాష్ట్రం కొత్త చట్టం రాసుకుంది, 2021లో కేంద్రం నమూనా చట్టాన్ని ఆమోదించింది. ఈ నమూనాలో ఇంటి అద్దెకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదన్నారు. మరమ్మతులకు ఒక పట్టీ కూడా ఉంది: గోడకు సున్నం యజమాని పని, కుళాయి వాషరు అద్దెదారు పని. చెడ్డ పట్టీ కాదు. అందులో లేనిది ఏళ్ళ మాట. ఎంతకాలమో ఇద్దరూ మాట్లాడుకోండన్నారు. ఒకడు గుమ్మం లోపల, ఒకడు గుమ్మం బయట నిలబడి మాట్లాడుకుంటే ఎవరి మాట నెగ్గుతుందో తెలిసిందే.

కాలవల ఊళ్ళు మనకొక్కరికే కాదు, బయటా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డాంలో పదిహేడో శతాబ్దపు కాలవల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ కాలవగట్ల ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళు తక్కువేమీ కాదు. నెదర్లాండ్స్ 2016లో గడువు పెట్టిన అద్దె ఒప్పందాలకు దారి తెరిచింది, ఖాళీ ఇళ్ళు బయటికొస్తాయన్న ఆశతో. ఎనిమిదేళ్ళు చూసి, 2024 జులై 1 నుంచి కొన్ని మినహాయింపులు తప్ప వాటిని మళ్ళీ మూసేసింది. అక్కడిప్పుడు అద్దె అంటే మామూలుగా గడువు లేని అద్దె. అద్దె మాత్రం గడ్డకట్టదు, లెక్క ప్రకారం పెరుగుతుంది. మనం విడదీయలేకపోయిన రెండు ముడుల్నీ వాళ్ళు విడివిడిగా కట్టారు. వెనిస్ ఇంకో దారి చూపిస్తుంది. 1951లో పాతనగరంలో లక్షా డెబ్భై వేలకు పైగా ఉన్న జనం 2022కు యాభై వేల లోపుకు జారారు. అక్కడ రాత్రికింత అని ఇచ్చే యాత్రికుడు నెలకింత ఇచ్చే కాపురాన్ని నెట్టేశాడు. ఏలూరుకు యాత్రికుల బాధ లేదు, హేలాపురి అని ఎంత ముద్దుగా పిలుచుకున్నా ఎవరూ పడవెక్కి ఫొటోలు తీసుకోవడానికి రారు. ఇక్కడ కాపురాన్ని నెట్టేసేవి గోడౌన్లు, కొట్లు, కారు పార్కింగు, తాళం కప్పలు. కారణం వేరైనా పేట ఖాళీ అయ్యే తీరు ఒకటే: ముందు అద్దెకున్నవాళ్ళు పోతారు, తర్వాత ఇస్త్రీబండి పోతుంది, పాలవాడు పోతాడు, చిన్నబడి పోతుంది, ఆఖరున మిగిలిన ముసలి యజమాని పోతాడు.

మరో ఆక్షేపణ నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాటా వాటా అని మురిసిపోతున్నావు, ఆ వాటా ఎవరికిచ్చారు? గుమ్మంలో నిలబడ్డ మనిషిని ముందు అడిగే ప్రశ్న ‘మీరేమిట్లండి?’ అని. ఇంటిపేరు అడిగినా, ఊరు అడిగినా, మాంసం తింటారా అని అడిగినా అడిగేది కులమే. దళితులకు, ముస్లిములకు, ఒంటరి ఆడవాళ్ళకు, పెళ్ళికాని కుర్రాళ్ళకు ‘ఇప్పుడే ఒకరికి మాటిచ్చేశామండి’ అన్న జవాబు సిద్ధంగా ఉండేది, ఉంది. బ్రహ్మచారులకు ఇల్లివ్వకపోవడం ‘చిత్రం భళారే విచిత్రం’ సినిమాకు హాస్యమైంది. కులం పేరుతో ఇల్లివ్వకపోవడం ఎవరికీ హాస్యం కాలేదు. 1955 నాటి పౌరహక్కుల చట్టం అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా నివాసాన్ని అడ్డుకోవడం నేరమంటుంది. అబద్ధపు మర్యాదతో చెప్పిన ‘లేదండీ’ని ఆ చట్టం పట్టుకోలేదు. ఇల్లిచ్చాక కూడా ఒక్క మరుగుదొడ్డికి నాలుగు కుటుంబాల వంతులు, కరెంటు మీటరు దగ్గర పేచీలు, రాత్రి తొమ్మిదికి వీధి తలుపు గడియ. ఇదంతా నిజం. దీన్ని దాటవేసి అరుగుల మీద వెన్నెల గురించి రాసేవాళ్ళను చూస్తే నాకు విసుగు. ఒక్కటి మాత్రం అడుగుతాను: ఈ వివక్ష ఏళ్ళ తరబడి ఉండే అద్దె వల్ల వచ్చిందా? రాలేదు. నిజానికి గడువు చిన్నదయ్యేకొద్దీ ఆ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. పదేళ్ళు ఒకచోట ఉన్నవాడు ‘మీరేమిట్లు’ను ఒకసారి ఎదుర్కొంటాడు. పదకొండు నెలలకోసారి మారేవాడు పదిసార్లు ఎదుర్కొంటాడు. గుమ్మం దాటడం కష్టమైన మనిషికే, దాటాక నిలవనిచ్చే హక్కు ఎక్కువ అవసరం. మరుగుదొడ్డి సంగతికొస్తే, దాన్ని కట్టించుకోవడానికి ఏళ్ళ భరోసా ఒకటే దారి, ఎవరి డబ్బుతో కట్టినా సరే.

కాలవగట్టునే ఎందుకుండాలి అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టి కొల్లేట్లో కలుస్తుంది. ఎగువన గట్టివాన పడితే పల్లపు వీధులవాళ్ళు మంచాల మీదికి సామాను ఎక్కిస్తారు. కాలవలోకి పొలాల మందులు, ఊళ్ళ మురుగు దిగుతాయి. 2020 డిసెంబరు మొదటివారంలో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయిన సంఘటన ముందు కనిపించింది వన్ టౌన్ వీధుల్లోనే. ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్ళారు. రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల మీదా అనుమానం వెళ్ళింది, నీళ్ళ మీదా కూరగాయల మీదా చర్చ సాగింది. అలాంటి చోటును ఖాళీ చెయ్యడమే తెలివి అంటే, ఎవరు చెయ్యగలరని అడగాలి. డబ్బున్న యజమాని టూ టౌన్ అవతలికి ఎప్పుడో మారాడు. పాత వీధిలో మిగిలింది తక్కువ అద్దె కోసం ఉన్నవాళ్ళు. నీటికుళాయి గురించి, మురుగు గురించి కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కి అడగవలసినవాళ్ళు వాళ్ళే. పదకొండు నెలల తర్వాత ఎక్కడుంటాడో తెలియనివాడు వార్డు సమస్య మీద అర్జీ ఎందుకు పెడతాడు? ఆధార్ చిరునామా మార్చుకునేలోపే ఇల్లు మారిపోయేవాడికి ఓటు కూడా పాత వీధిలోనే ఉండిపోతుంది. నీళ్ళు బాగుండాలంటే నీళ్ళ దగ్గర నిలకడగా ఉండే మనుషులు కావాలి.

సొంత ఇల్లే దీనికి మందని ప్రభుత్వాలన్నీ నమ్ముతాయి, పార్టీ ఏదైనా. పోణంగి వైపు టిడ్కో అపార్టుమెంట్లు లేచాయి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ముప్పై లక్షలకు పైగా ఇళ్ళపట్టాల పంపిణీ మొదలైంది. పేదవాడి పేరున ఇల్లుండటం మంచిదే, కాదనను. కానీ ఇచ్చిన సొంతిల్లు ఊరి చివరనే ఉంటుంది, ఎందుకంటే చవక నేల అక్కడే దొరుకుతుంది. పని మాత్రం బజార్లోనే ఉంటుంది. కూరలమ్మే ఆవిడ తెల్లవారుజామున మార్కెట్టుకు రావడానికి ఆటోకిచ్చే డబ్బు నెల తిరిగేసరికి ఇంకో అద్దె అవుతుంది. 2011 జనగణనలో దేశపు పట్టణ కుటుంబాల్లో నూటికి ఇరవయ్యేడు అద్దె ఇళ్ళలో ఉన్నాయి. అందరినీ సొంతగాళ్ళను చేసేదాకా వీళ్ళు లెక్కలో లేనట్టేనా? తాడేపల్లిగూడెంలో పరిస్థితి మరో రకం. ఉల్లి, బెల్లం వ్యాపారాలతో, పక్కపక్కనే పారే కాలవతో, రైలుతో బతికిన ఆ ఊరికి 2015లో నిట్ వచ్చింది. కాలేజీ వచ్చిన ఊళ్ళో అద్దె లెక్క ఇంటికింత నుంచి మంచానికింతకు మారుతుంది. మంచానికి వాటా అన్న మాట అతకదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి పశ్చిమ గోదావరి ముఖ్యపట్టణం భీమవరానికి వెళ్ళింది. ఆఫీసుల్లో కొన్ని, వాటితో కొన్ని కుటుంబాలు కదిలాయి. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్యకళాశాల తెరిచారు. ఒక చేత్తో పోయినవాళ్ళు ఇంకో చేత్తో వచ్చినా, వచ్చేవాళ్ళు హాస్టలుకు పోతారా, పాత వీధిలో వాటాకు దిగుతారా అన్నది మనమిచ్చే ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

ఏలూరు పాతపేటకు పనికొచ్చే ఒప్పందం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అయిదేళ్ళకు తక్కువ కాకుండా గడువు, ఏటా ఇంత శాతమని ముందే రాసుకున్న పెంపు, అద్దె ఎగ్గొడితే త్వరగా తేల్చే అధికారి. యజమాని సొంతానికి కావాలంటే ఏడాది ముందు నోటీసు. ఏటా ఒక నెల అద్దెను సున్నానికీ పెంకులకూ విడిచిపెట్టడం, ఆ పని ఎవరు చేయించినా సరే. ఆస్తి బదిలీ చట్టంలో ఈ ఆఖరి అంశానికి ఆధారం 1882 నుంచీ ఉంది: తాను చేయించవలసిన మరమ్మతును నోటీసిచ్చినా యజమాని చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. నూట నలభై ఏళ్ళుగా పుస్తకంలో ఉన్న ఈ హక్కును పదకొండు నెలలవాడు వాడలేడు, వాడిన మర్నాడు ఖాళీ చెయ్యమంటారు గనక. రిజిస్ట్రేషన్ ఖర్చు పాతపేటల వరకు ప్రభుత్వం వదులుకుంటే ఖజానాకు పోయేది స్వల్పం. ఊళ్ళో కాలవకు మనం ఈపాటి మర్యాద ఎప్పుడో ఇచ్చాం. దాళ్వా కోతలయ్యాక లాకులు దించి, నీళ్ళు తీసేసి, పూడికా గుర్రపుడెక్కా ఎత్తి, గట్లకు మట్టి వేసి, జూన్‌లో మళ్ళీ వదులుతారు. ఆ ఖాళీ రోజుల్ని ఎవరూ వృథా అనరు, ఏటా వచ్చే మరమ్మతు రోజులని అందరికీ తెలుసు. అద్దె కాయితంలో కత్తిరించేసిన పన్నెండో నెలను అలా తిరిగి అతికించుకోవచ్చు: ఏప్రిల్లో లాకులు పడినప్పుడు నూతి అడుగు కనపడుతుంది, పూడిక తియ్యడానికి అదే అదను, ఇంటిగలాయనా వాటాలో ఉన్నాయనా తాడు చెరోవైపు పట్టుకోవాలి.